కరెంటు తిరిగొచ్చే నిమిషం: ఇంటి కంప్యూటర్‌కి సర్జ్ రక్షణ, బ్యాకప్ ఎలా ఎంచుకోవాలి

మా శ్రీకాకుళం వైపు కరెంటు పోతే ఎవరూ పెద్దగా కంగారు పడరు. అది అలవాటైన సంగతే. వస్తువులు కాలిపోయేది మాత్రం చాలాసార్లు కరెంటు తిరిగొచ్చే నిమిషంలోనే.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. టెక్కలి దగ్గర పల్లెలో మా బావ వాళ్లింట్లో కంప్యూటర్‌కి ఆ గాలివానలో ఏమీ కాలేదు. రోజుల తరబడి చీకట్లో ఉన్నాక ఊరికి కరెంటు ఇచ్చారు. ట్రిప్పయింది, మళ్లీ ఇచ్చారు. మూడో సాయంత్రం ట్యూబ్‌లైటు ఒక్కసారిగా పట్టపగల్లా వెలిగింది, ఫ్యాను రెక్కలు కనపడనంత జోరుగా తిరిగింది. అర నిమిషంలో టేబుల్ కింద ఠప్‌మని చప్పుడు, కాలిన వాసన. స్పైక్ బోర్డు, యూపీఎస్, కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె) మూడూ పోయాయి. స్తంభం మీద న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, జాయింటు ఊడిందని తర్వాత తెలిసింది.

అంతకు ముందు ఎప్పుడు అడిగినా బావ మాట ఒకటే: "యూపీఎస్ ఉంది కదా, ఇంక భయమేటి?" ఇప్పటికీ చాలా ఇళ్లలో వినపడే మాట ఇది. యూపీఎస్ కొనడం చివర్లో చేయాల్సిన పని. దానికంటే ముందు చూసుకోవాల్సినవి అయిదు ఉన్నాయి. ఆ వరసలోనే చెబుతాను.

1. వారం రోజులు వోల్టేజి రాసుకోండి

డాక్టరు మందు రాసే ముందు జ్వరం చూస్తాడు కదా, ఇదీ అంతే. సాకెట్‌లో గుచ్చితే వోల్టేజి చూపించే చిన్న మీటరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, ధర కూడా తక్కువే. కంప్యూటర్ ఉన్న గదిలోనే పెట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఏడున్నరకి, పడుకోబోయే ముందు ఎంత చూపిస్తోందో కాగితం మీద రాయండి.

మన ఇళ్లకి రావాల్సింది 230 వోల్టులు. అటూ ఇటూ పది శాతం తేడాని, అంటే 207 నుంచి 253 దాకా మామూలుగానే లెక్కిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లకి సాయంత్రం అందరూ ఫ్యాన్లు, మోటార్లు వేసే వేళ 180కి, ఇంకా కిందికీ దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న ఇళ్లకి అర్ధరాత్రి 255 కూడా చూపించొచ్చు. ఈ రెండు ఇళ్లకీ మందు ఒకటి కాదు. మొదటి ఇంటికి వోల్టేజిని పెంచి ఇచ్చే యూపీఎస్ కావాలి, రెండో ఇంటికి వోల్టేజి పై హద్దు దాటగానే సప్లై కోసేసే పరికరం కావాలి.

ఇంకో గమనిక. పక్కింట్లో మోటారో ఇస్త్రీపెట్టో వేస్తే మీ ఇంట్లో, లేదా మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక గదిలో వేస్తే ఇంకో గదిలో, లైటు ఇంకా ఎక్కువగా వెలుగుతోందా? మసకబారడం గురించి కాదు నేను అడిగేది, ఎక్కువగా వెలగడం గురించి. అలా జరుగుతుంటే ఎక్కడో న్యూట్రల్ వదులైనట్టే. ఆ సంగతి తేలేదాకా కంప్యూటర్ ప్లగ్గు తీసి ఉంచండి. తేడా మీ ఇంటి లోపలి తీగల్లో ఉంటే ఎలక్ట్రీషియన్, స్తంభం దగ్గర ఉంటే లైన్‌మన్ చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలకీ కరెంటు ఇచ్చేది ఏపీ ఈపీడీసీఎల్, ఫిర్యాదుకి 1912 నంబరు.

2. మూడో పిన్ను వెనక తీగ ఉందా?

సీపీయూ డబ్బాని చెప్పుల్లేని కాళ్లతో నిలబడి ముట్టుకుంటే వేలికి సన్నగా జిల్లుమంటోందా? చాలామంది దీన్ని మామూలే అనుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు (కరెంటు వచ్చే తీగ) నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బా లోహానికి కలిపి ఉంటాయి. తీగలో వచ్చే అక్కర్లేని చిన్న చిన్న అలలని అవి ఎర్త్‌లోకి, అంటే సాకెట్ మూడో పిన్ను నుంచి నేలలోకి వెళ్లే తీగలోకి పంపాలి. ఎర్త్ లేకపోతే డబ్బా మీద సుమారు సగం వోల్టేజి, అంటే 115 దాకా నిలిచిపోతుంది. కరెంటు చాలా కొద్దిగా కాబట్టి మనిషికి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆ జిల్లు మీ ఇంట్లో ఎర్త్ పనిచేయడం లేదని చెబుతోంది. ఎర్త్ లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టరు (తీగలో ఉప్పెనలా వచ్చే వోల్టేజిని అడ్డుకునే పరికరం) సగం పనే చేస్తుంది, పిడుగు విషయంలో అయితే ఆ సగం కూడా నమ్మలేం.

మా వైపు పాత ఇళ్లకి వైరింగ్ చేసినప్పుడు మూడో తీగ లాగలేదు. సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి, పైదానికి వెనక ఏమీ ఉండదు. ఒక పెద్దాయన ఇంట్లో నేను ఎర్త్ సంగతి ఎత్తితే, "లైట్లు ఎలుగుతున్నాయి కదా బాబూ, ఇంకేటి?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఎర్త్ లేకపోయినా అన్నీ పనిచేస్తాయి, ప్రమాదం వచ్చే రోజు దాకా.

ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఇక్కడితో ఆగకండి. మల్టీమీటరుకి సన్నపాటి ఎర్త్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాత రకం బల్బు పెట్టించి చూడాలి. అది నిండుగా వెలిగితేనే ఎర్త్‌లో బలం ఉన్నట్టు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై కోసేసే స్విచ్చు) ఉంటే ఈ పరీక్షలో అది పడిపోతుంది, పడాలి కూడా. ఈ పని మీరు సొంతంగా చేయొద్దు, తెలిసిన మనిషి చేతే చేయించండి.

ఎర్త్ లేదని తేలితే గొయ్యి తీయించక తప్పదు. సాధారణంగా 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, కనీసం రెండున్నర మీటర్ల పొడవు, నిలువుగా దించుతారు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. ఇప్పుడు బెంటొనైట్ పొడి నింపే కెమికల్ ఎర్తింగ్ కూడా వచ్చింది. నా మాటకి వస్తే తీరం దగ్గర, కళింగపట్నం, బారువ లాంటి చోట్ల అదే మేలు. అక్కడ పైన ఇసుక పొడిగా ఉండి కరెంటుని పోనివ్వదు, మరోపక్క ఉప్పుగాలికి జీఐ తొందరగా తుప్పు పడుతుంది. పైపు తడి తగిలే లోతుకి దిగాలి. విజయనగరం వైపు ఎర్రనేలల్లో వేసవిలో గొయ్యి ఎండిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయండి. గొయ్యి కరెంటుకి ఎంత అడ్డుపడుతోందో చెప్పే కొలత ఇంటికి 5 ఓమ్‌ల లోపు వస్తే హాయిగా ఉండొచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గొయ్యి ఖర్చెందుకని కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి చిన్న తీగముక్క తీసి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. పరీక్షలో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, జిల్లుమనడం కూడా ఆగిపోతుంది. కానీ స్తంభం దగ్గరో, ఇంట్లోనో న్యూట్రల్ తెగిన రోజు సీపీయూ డబ్బాకి, ఫ్రిజ్ తలుపుకి, వాషింగ్ మెషిన్‌కి నేరుగా 230 వోల్టులు ఎక్కుతాయి. ముట్టుకున్న మనిషి చనిపోతాడు. మీ ఇంట్లో ఎవరైనా అలా చేసి ఉంటే ఈరోజే విప్పించండి.

3. న్యూట్రల్ తెగిన రోజు కోసం

బావ ఇంట్లో జరిగింది ఇదే. స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు, అందరికీ ఉమ్మడిగా న్యూట్రల్. రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ తెగితే ఆ 400 వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్ల మధ్య పంపకానికి వస్తుంది. ఎక్కువ లోడు వేసుకున్న ఇంటికి వోల్టేజి తగ్గుతుంది, తక్కువ లోడున్న ఇంటికి పెరుగుతుంది. ఒక ట్యూబ్‌లైటు, ఒక కంప్యూటర్ మాత్రమే వేసుకుని బుద్ధిగా ఉన్న ఇంటికే 350 వస్తుందన్నమాట.

స్పైక్ బోర్డు దీన్ని ఆపలేదు. అది సెకనులో లక్షో వంతు ఉండే దెబ్బ కోసం చేసినది. నిమిషాల తరబడి 350 నిలబడితే తనే కాలిపోతుంది. ఫ్రిజ్ స్టెబిలైజరు కూడా ఈ పనికి కాదు.

దీనికి వాడేది ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. ఎంసీబీ స్విచ్చులుండే డీబీ పెట్టెలోనే, అంటే ఇంటి గదులకి కరెంటు పంచే పెట్టెలోనే, పట్టాలకి తగిలించే చిన్న పరికరం ఇది. ముందు భాగంలో ఎర్ర అంకెల్లో వోల్టేజి కనిపిస్తూ ఉంటుంది. మీరు పెట్టిన హద్దు దాటగానే సెకను లోపే ఇంటి మొత్తం సప్లై కోసేస్తుంది, మామూలు స్థితికి వచ్చాక మళ్లీ కలుపుతుంది. 63 ఆంపియర్ల రకం కొనండి. పై హద్దు 265 నుంచి 270, కింది హద్దు 170 దగ్గర పెట్టించండి. లైను చివరి ఇళ్లు కింది హద్దుని ఇంకాస్త దించుకోవాలి, లేకపోతే ప్రతి సాయంత్రం ఇల్లంతా చీకటే.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చిన అమరిక ఇంకొకటి ఉంది: తిరిగి కలిపే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పే టైమరు. చాలావాటిలో దాన్ని 30 సెకన్లకో అంతకంటే తక్కువకో పెట్టి అమ్ముతారు. మూడు నిమిషాలకి పెంచండి. లైను ఇచ్చిన వెంటనే ట్రిప్పయి మళ్లీ ఇచ్చే ఆ ఆటుపోట్లన్నీ ఆ మూడు నిమిషాల్లో గడిచిపోతాయి. ఫ్రిజ్ కంప్రెసర్‌కి కూడా ఇది మంచిదే.

డబ్బు ఒకే వస్తువుకి ఉంటే నేను దీనికే పెడతాను.

4. పిడుగు, స్పైక్

సర్జ్ అంటే కరెంటు తీగలో వచ్చే ఉప్పెన. కిలోమీటరు దూరంలో పిడుగు పడినా తీగల వెంట వేల వోల్టుల అల వస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు పోతుంది. పక్కనే పెద్ద మోటారు ఆగినా చిన్న అల వస్తుంది.

దీన్ని రెండు చోట్ల అడ్డుకోవాలి. మొదటిది ఇంటి గుమ్మంలో, డీబీలో. అక్కడ పెట్టేదాన్ని ఎస్‌పీడీ అంటారు. టైప్ 2 అడగండి. దాని మీద గరిష్ఠంగా నిత్యం తట్టుకునే వోల్టేజి రాసి ఉంటుంది, 275 ఉన్నదాని కన్నా 320 ఉన్నది తీసుకోండి, మన వోల్టేజి ఊగిసలాటకి అది నిలుస్తుంది. 40 కిలో ఆంపియర్ల రకం ఇంటికి చాలు. ఎస్‌పీడీకి వెళ్లే తీగలు పొట్టిగా, మొత్తం అర మీటరు లోపే ఉండాలి. అందంగా ఉండాలని తీగని చుట్టలు చుట్టి కట్టనివ్వకండి, మెరుపు వేగంతో వచ్చే కరెంటుకి ఆ చుట్టలే అడ్డం. ముందు భాగంలో చిన్న కిటికీ ఆకుపచ్చగా ఉంటే పనిచేస్తోందని, ఎర్రగా మారితే ప్రాణం పోయిందని అర్థం.

రెండోది కంప్యూటర్ దగ్గర స్పైక్ బోర్డు. ఇక్కడే మోసం ఎక్కువ. బావ ఇంట్లో కాలిన బోర్డు మరలు విప్పి చూశాను. లోపల మూడు బిళ్లలు, రూపాయి కాసంత, ఒకప్పుడు నీలం రంగువి, ఇప్పుడు మసి పట్టి నడుమ పగిలి ఉన్నాయి. జింక్ ఆక్సైడుతో చేసిన ఈ బిళ్లలనే ఎంఓవీ అంటారు. మామూలు వోల్టేజి ఉన్నంతసేపు మూసిన తలుపులా ఉండి, హద్దు దాటగానే తెరుచుకుని ఆ దెబ్బని పక్కకి మళ్లిస్తాయి. అదే రోజు పక్కన ఉన్న ఇంకో బోర్డు కూడా విప్పాను. దాని మీద స్పైక్ గార్డ్ అని పెద్ద అక్షరాలు, ఎర్ర స్విచ్చు, లోపల మూడు ఇత్తడి పట్టీలు తప్ప ఏమీ లేదు. అది ఒట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు. అందుకే కొనేటప్పుడు అట్టపెట్టె మీద జౌళ్ల లెక్క, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె, ఉందో లేదో చూడండి. వెయ్యి జౌళ్లు, ఆ పైన ఉంటే మంచిది. రక్షణ పనిచేస్తోందని చూపే లైటు కూడా ఉండాలి, స్విచ్చులో వెలిగే ఎర్ర లైటు కాదు, వేరే లైటు. ఈ బిళ్లలు దెబ్బ తిన్నకొద్దీ బలహీనమవుతాయి కాబట్టి మూడు నాలుగేళ్లకి బోర్డు మార్చాల్సిందే.

ఇంత చేసినా నేరుగా ఇంటి మీదో, పక్క స్తంభం మీదో పిడుగు పడితే ఏదీ ఆపలేదు. ప్లగ్గు తీయడమే పూర్తి రక్షణ. స్విచ్చు ఆపితే చాలదు. స్విచ్చు లోపలి సందు కొన్ని మిల్లీమీటర్లే, పిడుగుకి అదొక లెక్క కాదు, పైగా స్విచ్చు ఒక్క తీగనే కోస్తుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినపడితే పిడుగు పది కిలోమీటర్లలో ఉన్నట్టు. మబ్బు అంతకంటే దూరంగా ఉన్నప్పుడే ప్లగ్గు తీసేయండి, ఉరుములు నెత్తి మీదికి వచ్చాక సాకెట్ దగ్గరికి వెళ్లకండి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంటే, 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. పొలం వెళ్లే నాన్నగారి ఫోన్‌లో కూడా వేయండి.

5. మీ కంప్యూటర్ ఎంత తింటుందో మీటరే చెబుతుంది

ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంటే కంప్యూటర్ 450 తింటోందని కాదు. అది గరిష్ఠంగా ఇవ్వగలిగిన లెక్క. ఆఫీసు పని, ఆన్‌లైన్ క్లాసులు చేసుకునే డెస్క్‌టాప్ 60 నుంచి 100 వాట్లు, 22 అంగుళాల మానిటరు 20 నుంచి 25, రౌటరు పది దాకా తీసుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డుతో ఆటలాడే యంత్రమైతే 300, 400 కూడా దాటుతుంది.

సరిగ్గా తెలుసుకోవాలంటే వేరే పరికరం కొనక్కర్లేదు. ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ కూడా. కంప్యూటర్, మానిటరు, రౌటరు మాత్రం వేసి మీ రోజువారీ పని చేస్తూ ఉండండి. ఇంకొకరు బయటికి వెళ్లి కరెంటు మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటుని నిమిషం పాటు లెక్కపెట్టాలి. మీటరు మీద ఒక యూనిట్‌కి ఎన్ని మిణుకులో అచ్చువేసి ఉంటుంది, చాలావాటికి 3200. నిమిషంలో 8 సార్లు మిణుకుమంటే గంటకి 480. 480ని 3200తో భాగిస్తే 0.15 యూనిట్, అంటే 150 వాట్లు. మా అబ్బాయికి ఈ లెక్క తెలిసిన రోజు ఇంట్లో ఒక్కో వస్తువునీ ఇలాగే కొలిచి గోడ మీద పట్టీ అంటించాడు.

6. యూపీఎస్

ఇప్పుడు షాపుకి వెళ్లండి. మొదట తెలియాల్సింది: 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఇళ్లకి అమ్మే చిన్న యూపీఎస్‌లలో 600 వీఏ రకం 360 వాట్ల దాకానే లాగుతుంది, 1100 వీఏ రకం 660 దాకా. వాట్ల లెక్క అడిగి, మీ లోడుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోండి.

ఎంతసేపు నిలుస్తుంది? షాపులో అరగంట అంటారు. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు. అంత జోరుగా తోడేస్తే అందులో అరవై శాతమే చేతికొస్తుంది, మార్చే క్రమంలో ఇంకో ఇరవై శాతం వేడిగా పోతుంది. మిగిలేది 40. మీ లోడు 120 వాట్లయితే ఇరవై నిమిషాలు, 240 అయితే పది కూడా రావు. బ్యాటరీ పాతబడితే ఇంకా తక్కువ. పని సేవ్ చేసుకుని సక్రమంగా ఆపడానికి అది చాలు. గంటల తరబడి పని కావాలంటే చిన్న యూపీఎస్ దారి కాదు, కింద ఇన్వర్టర్ గురించి చదవండి.

రకాల్లో లైన్ ఇంటరాక్టివ్ తీసుకోండి. దీనిలో ఏవీఆర్ అనే వోల్టేజి సరిచేసే భాగం ఉంటుంది, వోల్టేజి 170కి పడిపోయినా బ్యాటరీ ముట్టకుండా పెంచి ఇస్తుంది. అది లేని చౌక రకం లైను చివరి ఇంట్లో ఏం చేస్తుందంటే, సాయంత్రం పొడవునా టక్ టక్‌మంటూ బ్యాటరీ మీదికీ లైను మీదికీ గెంతుతుంది. రాత్రి నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ. డబ్బా మీద ఇన్‌పుట్ పరిధి చూడండి, సుమారు 145 నుంచి 290 దాకా ఉన్నవి మన ఊళ్లకి సరిపోతాయి. ఎప్పుడూ తన లోపల తయారుచేసిన కరెంటునే ఇచ్చే ఆన్‌లైన్ రకం యూపీఎస్ ఇంకా మంచిదే గానీ ఇంటికి అంత ఖర్చు అక్కర్లేదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు, ముఖ్యంగా 80 ప్లస్ గుర్తు ఉన్నవి, యాక్టివ్ పీఎఫ్‌సీ రకానివి, అంటే లైను నుంచి కరెంటుని ఒద్దికగా లాగే సర్క్యూట్ ఉన్నవి. చౌక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్ల కరెంటు వీటిలో కొన్నిటికి పడదు, కరెంటు పోగానే కంప్యూటర్ కూడా టప్పున ఆరిపోతుంది. మీది అలాంటిదైతే ప్యూర్ సైన్ వేవ్ రకం, అంటే లైను కరెంటులాగే నున్నటి అల ఇచ్చేది కొనండి, లేదా షాపువాడిని అడిగి మీ సీపీయూ తీసుకెళ్లి అక్కడే ప్లగ్గు లాగి చూడండి. శ్రీకాకుళంలో గానీ, విజయనగరంలో గానీ తెలిసిన షాపయితే కాదనరు.

యూఎస్‌బీ తీగ ఇచ్చే రకం దొరికితే వందలు ఎక్కువైనా వదలకండి. మీరు ఇంట్లో లేనప్పుడు బ్యాటరీ అడుగంటే లోపు కంప్యూటర్‌ని అదే ఆపుతుంది.

యూపీఎస్‌ని గోడ సాకెట్‌కే నేరుగా గుచ్చండి. లేజర్ ప్రింటరుని దానికి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి యూపీఎస్ కుదేలవుతుంది. కొన్ని కొత్త యూపీఎస్‌లలో బ్యాటరీ తీగ ఒకటి విప్పి పంపుతారు, అది కలిపి, ఒక రాత్రంతా చార్జి పెట్టాకే వాడటం మొదలుపెట్టండి.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఈ భాగం అక్కర్లేదు. మీ యూపీఎస్ ల్యాప్‌టాప్ లోపలే ఉంది. మంచి స్పైక్ బోర్డు, రౌటరుకి బ్యాకప్ చాలు.

7. ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటే

ఫ్యాన్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ కంప్యూటర్‌ని కూడా మోస్తుంది, రెండు షరతుల మీద. వెనక వైపు చిన్న స్విచ్చు ఉంటుంది, యూపీఎస్ మోడ్ అని ఒకవైపు, మామూలు మోడ్ అని ఇంకోవైపు. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఫ్యానుకి తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నిండు లోడు మీద సెకనులో వెయ్యింట 16, 17 వంతులు మాత్రమే ఊపిరి బిగపట్టగలదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఆ లోపే మారుతుంది. అయితే ఆ మోడ్‌లో అది సుమారు 180 నుంచి 260 వోల్టులనే ఒప్పుకుంటుంది కాబట్టి లో వోల్టేజి ఊళ్లో తరచు బ్యాటరీ మీదికి వెళ్తుంది. మొదటి వారం రాసుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది. రెండో షరతు, అది సైన్ వేవ్ రకమై ఉండాలి.

12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులార్ బ్యాటరీ ఒకటి ఉంటే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోగా 1100 చేతికొస్తుంది అనుకోండి. కంప్యూటర్, ఒక ఫ్యాను, రెండు లైట్లు కలిపి 220 వాట్లయితే అయిదు గంటలు. దానిలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. గాలి ఆడే చోట పెట్టండి, దేవుడి గదిలో దీపం దగ్గర వద్దు. చార్జయ్యేటప్పుడు దాన్లోంచి హైడ్రోజన్ వస్తుంది.

డాబా మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఒక మాట గమనించాలి. గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్, కరెంటు పోగానే ఎండ కాస్తున్నా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణం కాపాడటానికే ఆ ఏర్పాటు. బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే అప్పుడు కూడా వాడుకోగలరు.

8. నెట్ తీగ మరిచిపోవద్దు

కరెంటు వైపు తలుపులన్నీ వేసి, కిటికీ తెరిచి పెట్టినట్టవుతుంది. పక్కింటి డాబా మీదుగా వచ్చే రాగి ల్యాన్ తీగ, కేబుల్ టీవీ తీగ పిడుగుని నేరుగా మదర్‌బోర్డు దాకా తెస్తాయి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు అవీ పీకాలి. ఫైబర్ లోపలున్నది గాజు, దానిలో కరెంటు పారదు. కాబట్టి అవకాశం ఉంటే ఫైబర్‌కి మారండి. రౌటరుకి 12 వోల్టుల చిన్న లిథియం యూపీఎస్ దొరుకుతుంది. కరెంటు లేకపోయినా పిల్లల క్లాసు మధ్యలో ఆగదు.

9. తుపాను ముందు, తర్వాత

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న వచ్చాయి. అన్నీ దసరా ముందూ వెనకా. అందుకే ఏటా వినాయక చవితి పందిరి వేసేనాటికే పరీక్ష పెట్టుకోండి. పని సేవ్ చేసి యూపీఎస్ ప్లగ్గు లాగి, గడియారం చూడండి. కొన్నప్పుడు ఇరవై నిమిషాలు నిలిచింది ఇప్పుడు అయిదే నిలిస్తే బ్యాటరీ మార్చాలి. మన వేడికి ఇవి మూడేళ్లు వస్తే బాగా వచ్చినట్టే. మార్చిన తేదీ బ్యాటరీ మీద మార్కరుతో రాయండి. పాతదాన్ని చెత్తలో వేయకుండా షాపులో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. తీరం ఊళ్లలో సాకెట్ పిన్నులకి, బ్యాటరీ టెర్మినళ్లకి పచ్చగా చిలుము పడుతుంది, గీకి తుడిచి టెర్మినళ్లకి వాజిలిన్ రాయండి.

హెచ్చరిక రాగానే ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కుని విప్పి, కవరులో చుట్టి అలమారలో పెట్టండి. ఇంటిల్లిపాదీ కట్టుబట్టలతో బయటపడినా సంచిలో పట్టే వస్తువు అదే. కంప్యూటర్‌ని నేల మీద నుంచి మంచం మీదికి ఎత్తండి. అన్ని ప్లగ్గులూ, నెట్ తీగలూ తీసేయండి.

తుపాను తర్వాత జనరేటరు తెచ్చుకునేవాళ్లు దాన్ని బయటే నడపాలి, కిటికీ కింద కూడా కాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. రెండు వైపులా పిన్నులున్న తీగతో జనరేటరుని గోడ సాకెట్‌కి కలపడం ఎప్పటికీ చేయొద్దు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వేల వోల్టులై లైను మీదికి ఎక్కుతుంది. తిత్లీ తర్వాత మన స్తంభాలు నిలబెట్టడానికి ఇతర జిల్లాల నుంచి కూడా మనుషులు వచ్చారు. స్తంభం మీద ఉన్న ఆ మనిషికి మీ జనరేటరు సంగతి తెలియదు.

కరెంటు వచ్చిందని వీధిలో కేకలు వినపడగానే పరుగెత్తకండి. ముందు ఒక లైటు వేయండి. అది మామూలుగా వెలుగుతోందా, మరీ తెల్లగా ఉందా చూడండి. సాకెట్ మీటరు గుచ్చి పది నిమిషాలు గమనించండి. అంకె 207, 253 మధ్య నిలబడి ఉంటే ఫ్యాను వేయండి, తర్వాత ఫ్రిజ్. ఇంకో అరగంట ఆగండి. అప్పటికీ అంకె కదలకపోతే కంప్యూటర్ ప్లగ్గు పెట్టండి.